షాపు టైమింగ్స్ మారాయి, రెడీమేడ్ ప్రాజెక్టులు ఆపేశాం

హనుమకొండ నయీంనగర్‌లో ఉన్న మన జిరాక్స్, బైండింగ్ షాపుకు వచ్చే అక్కలకు, అన్నలకు, పిల్లలకు నమస్తే.

ముందు టైమింగ్స్ సంగతి. ఇన్నాళ్లూ పొద్దున ఎనిమిదింటికి తెరిచేవాళ్లం, ఇక నుంచి తొమ్మిది అవుతుంది. మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర దాకా షాపు మూసి ఉంటుంది. ఆ లోటు తీరేలా రాత్రి తొమ్మిదిన్నర దాకా ఉంటాం. కాకతీయ యూనివర్సిటీ నుంచి థీసిస్ బైండింగ్‌కు వచ్చేవాళ్లు దయచేసి రెండు రోజుల ముందు ఇవ్వండి. ఇవ్వాళ ఇచ్చి రేపు కావాలంటే ఇప్పుడు నా వల్ల కావడం లేదు.

రెండో సంగతి కొంతమందికి నచ్చదని తెలుసు. ఎఫ్‌ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, ఏడాది మధ్యలో బళ్లలో పెట్టే) పరీక్షలకు పిల్లలు ఇవ్వాల్సిన ప్రాజెక్టులు ఇక మన షాపులో తయారు చేయం. నెట్‌లో నుంచి తీసి, కలర్ ప్రింట్ వేసి, పిల్లల పేరు పెట్టి, స్పైరల్ చేసి ఇచ్చే పని ఈ నెల నుంచి బంద్.

రెండింటికీ కారణం ఒకటే. మా అమ్మాయిని తొమ్మిదో తరగతికి ఒక చిన్న బడిలో వేశాం. ధర్మసాగర్ వైపు, ఊరి బయట ఉంటుంది. వాళ్లకు వ్యాన్ లేదు. నేనే దింపాలి, నేనే తీసుకురావాలి. జూన్ 12న బళ్లు తెరిచినప్పటి నుంచి కౌంటర్ దగ్గర చాలామంది అడుగుతున్నారు, "వదినా, అంత పెద్ద స్కూలు మాన్పించి అక్కడెందుకు వేసిన్రు, ఫీజు కట్టలేకనా?" అని. జిరాక్స్ తీస్తూ రెండు మాటల్లో చెప్పేది కాదు. అందుకే రాస్తున్నాను.

ఫీజు కారణం కాదు. పాత స్కూలుకూ దీనికీ ఏడాదికి నాలుగు వేలే తేడా.

పాత స్కూలు పేరున్నదే. ఆ పేరు ఇక్కడ రాయను, అక్కడ మంచి సార్లూ ఉన్నారు. ఎనిమిదో తరగతిలో ఆరు సెక్షన్లు. నెల పరీక్షల్లో వచ్చిన ర్యాంకును బట్టి పిల్లలను ఒక సెక్షన్ నుంచి ఇంకో సెక్షన్‌కు మార్చేవాళ్లు. మా అమ్మాయి ఆగస్టులో మొదటి సెక్షన్ నుంచి మూడోదానికి పోయింది, నవంబరుకల్లా ఐదోదానికి. ఆదివారం సాయంత్రమైతే చాలు, కడుపునొప్పి. తిండి పడక అనుకున్నాం. డాక్టర్ దగ్గరికి రెండుసార్లు పోయాం, స్కానింగ్ తీయించాం, ఏమీ లేదన్నారు. దసరా సెలవుల్లో నొప్పి రాలేదు. సంక్రాంతి సెలవుల్లోనూ రాలేదు, సెలవులు అయిపోయే రోజు రాత్రి మళ్లీ వచ్చింది. పక్కన పడుకుని మెల్లగా అడిగాను. "అమ్మా, మా సార్‌కు నా పేరు తెల్వదు. రోల్ నంబరే తెలుసు" అన్నది.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సార్ మీద కోపంతో కాదు. అంతకు ముందు వారమే ఆమె సోషల్ ప్రాజెక్టు నేనే చేసి ఇచ్చాను. రామప్ప గుడి మీద ఎనిమిది పేజీలు: 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, శిఖరం ఇటుకలు నీళ్లలో తేలుతాయి, పునాదిలో ఇసుక నింపారు. అదే ఫైలు ఆ వారం నలభై మందికి పైగా ప్రింట్ చేశాను, పేరొక్కటే మార్చి. మా అమ్మాయికి పూర్తి మార్కులు వచ్చాయి. ఇటుక ఎందుకు తేలుతుందే అని అడిగితే నా ముఖం చూసింది. నాకూ తెలియదు. బంకమట్టిలో ఊక లాంటివి కలిపి కాలిస్తే అవి మండిపోయి లోపల సన్నని ఖాళీలు మిగులుతాయని, అందుకే అంత తేలిక అని తర్వాత తెలిసింది. రెండు గంటల దారిలో ఉన్న పాలంపేటకు ఆమెను ఒక్కసారి కూడా తీసుకుపోలేదు. ఆమె పేరు తెలియని బడిలో నేనూ ఆమె పేరు మాత్రమే రాసి పంపాను.

ఫిబ్రవరి నుంచి బళ్లు చూడటం మొదలుపెట్టాం. మూడు చూశాం.

మొదటిది ఏసీ గదులు, లక్ష దాటిన ఫీజు. తొమ్మిది నుంచి తెలుగు వద్దంటే వేరే భాష తీసుకోవచ్చన్నారు. 2018లో వచ్చిన చట్టం ప్రకారం తెలంగాణలో ఏ సిలబస్ స్కూలైనా పదో తరగతి దాకా తెలుగు చెప్పాలి. ఆ సంగతి వాళ్లకు తెలియదా, తెలిసీ అలా అన్నారా అని అడగకుండానే వచ్చేశాం.

రెండోది నాకు చాలా నచ్చింది. చెట్లు, అరవై మంది పిల్లలు, ఎంతో ఓపికగా మాట్లాడే టీచర్లు. గుర్తింపు ఉత్తర్వు కాపీ చూపించమన్నాను. ఏడో తరగతి దాకానే ఉంది. మరి పదో తరగతి ఎలా అంటే, ఇంకో స్కూలు పేరు మీద రాయిస్తాం, మీ పాపకు ఏ ఇబ్బందీ రాదు అన్నారు. అక్కడ ఆగిపోయాను. పద్నాలుగేళ్లుగా ఈ కౌంటర్ వెనక నిలబడి జనం కాగితాల కోసం పడే తిప్పలు చూస్తున్నాను. పదో తరగతి నామినల్ రోల్, అంటే పరీక్ష రాసే పిల్లల జాబితా, పిల్ల పేరు ఏ బడి రికార్డుల్లో ఉంటే ఆ హెడ్‌మాస్టర్ నుంచే పోతుంది. టీసీ, బోనఫైడ్ అన్నీ ఆ బడివే వస్తాయి. ఆమె అడుగు పెట్టని బడి పేరు జీవితాంతం ఆమె మెమో మీద ఉంటుంది. ఏదైనా తప్పు దొర్లితే ఎవరి దగ్గరికి పోవాలి?

ఈ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి కూడా చెప్తాను. బడి ఎప్పుడు మార్చినా ఒకటి నుంచి ఏడు దాకా బోనఫైడ్‌లు అప్పుడే తీసుకుని దాచుకోండి. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం ఉద్యోగాల్లో లోకల్ అవునా కాదా అన్నది ఆ ఏడేళ్లలో కనీసం నాలుగేళ్లు ఎక్కడ చదివారన్న దాన్ని బట్టే చూస్తారు. నోటిఫికేషన్ పడ్డాక మూతపడిన స్కూళ్ల బోనఫైడ్‌ల కోసం ఏడ్చుకుంటూ తిరిగిన పిల్లలను మన షాపు దగ్గరే చూశాను. యూడైస్ నంబర్ (ప్రభుత్వం ఒక్కో బడికి ఇచ్చే కోడ్) కూడా అడగండి, గుర్తింపు ఉన్న ప్రతి బడికీ ఉంటుంది.

మధ్యలో ఓపెన్ స్కూల్ (రోజూ బడికి పోకుండా చదివి పరీక్ష రాసేది) ఆలోచన కూడా చేశాం. ఓపెన్ టెన్త్ అంటే ఫెయిలైనవాళ్లు రాసేదని మా అత్తమ్మ అన్నది, మనలో చాలామందికి అదే అభిప్రాయం. అది నిజం కాదు. ఎన్ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్) 1989లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థ, మన రాష్ట్రానికి సొంత ఓపెన్ స్కూల్ సొసైటీ కూడా ఉంది. 14 ఏళ్లు నిండితే టెన్త్‌కు చేరవచ్చు. ఎన్ఐఓఎస్‌లో ఏడాదికి రెండుసార్లు పబ్లిక్ పరీక్షలుంటాయి. ఒకసారి చేరితే ఐదేళ్ల లోపు తొమ్మిది అవకాశాలు. ఒక్కో సబ్జెక్టు విడిగా రాసుకుంటూ పోవచ్చు. ఆరోగ్యం బాగాలేని పిల్లలకు, ఆటల్లో ఉన్న పిల్లలకు అది నిజంగా మంచి దారి. మా అమ్మాయికి మాత్రం పరీక్షకన్నా ముందు కావాల్సింది తోటి పిల్లలు, రోజూ పలకరించే టీచర్లు. ఇంట్లో కూర్చోబెట్టి చదివించే ఓపిక, చదువు నాకూ లేవు. అందుకని అది వద్దనుకున్నాం.

ఇప్పుడు వేసిన బడికి పదో తరగతి దాకా గుర్తింపు ఉంది, స్టేట్ సిలబస్. మొత్తం 84 మంది, తొమ్మిదిలో మా అమ్మాయితో కలిపి 13. చేర్చే ముందు ఒక పూట క్లాసులో కూర్చోనివ్వమని అడిగాను. పెద్ద మేడమ్ సరే అన్నారు. లెక్కల పీరియడ్. ఒక బాబు బోర్డు దగ్గర తప్పు చేశాడు. టీచర్ చెరపలేదు, తిట్టలేదు, ఎక్కడ దారి తప్పావో నువ్వే వెతుకు అని పక్కన నిలబడింది. నాలుగైదు నిమిషాలు పట్టింది. మిగతా పిల్లలు నవ్వకుండా ఎదురుచూశారు. నాకు అది చాలు అనిపించింది.

కానీ లోటుపాట్లు కూడా చెప్పాలి, లేకపోతే నేను ఆ బడికి ప్రచారం చేసినట్టవుతుంది. ల్యాబ్ అంటే రెండు బీరువాలు, నాలుగు బల్లలు. హిందీ టీచర్ వారానికి మూడు రోజులే వస్తారు. ఐఐటీ ఫౌండేషన్ లేదు, దాని కోసమే చూసేవాళ్లకు ఈ బడి పనికిరాదు. చిన్న బడి మూతపడదా అన్న భయం నాకు ఇప్పటికీ ఉంది. మేడమ్‌ను ముఖం మీదే అడిగాను. "పిల్లలు అరవైకి తగ్గితే కష్టమే అమ్మా. కానీ చేరిన బ్యాచ్‌ను పదో తరగతి దాటించకుండా ఆపను" అన్నారు. భవనం లీజు కాగితం చూపించారు. ఆ మాట నమ్మాను. అంతకు ముందు, అక్కడ పది పాసైన ఇద్దరు పిల్లల తల్లులను కూడా కలిశాను. ఒకరి బాబు ఇంటర్‌లో మొదటి మూడు నెలలు పెద్ద కాలేజీ వేగానికి బాగా టెన్షన్ పడ్డాడట, తర్వాత నిలదొక్కుకున్నాడట. ఇద్దరూ అంతా బాగుందనే చెప్పి ఉంటే నాకు అనుమానం వచ్చేది.

ఇవన్నీ ప్రయోగాలు, పిల్ల మీద చేస్తారా అని మా బావగారు అన్నారు. హైదరాబాద్‌లో విద్యారణ్య బడి 1961 నుంచి ఉంది, మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ అంతకన్నా పాతది. పిల్లలకు ర్యాంకుల భయం లేకుండా చదువు చెప్పడం మన తెలుగువాళ్లకు నిన్న మొన్నటి సంగతి కాదు.

ఇక ప్రాజెక్టుల సంగతి. చేరిన మొదటి నెలలోనే వాళ్ల సోషల్ టీచర్ 13 మందినీ మన నయీంనగర్‌కు పంపింది. 2023 జూలై వరదలో నాలా పొంగి నీళ్లు ఏ షాపులో ఎంత ఎత్తుకు వచ్చాయో అడిగి, టేపుతో కొలిచి, మ్యాపు గీయాలి. పిల్లలు ఒక్కో మెట్టు ఎక్కి అడుగుతూ మన షాపు దాకా వచ్చారు. మా అమ్మాయి నోట్‌బుక్ తెరిచి, "అమ్మా, ఆ రోజు పొద్దున నువ్వు ఎన్నింటికి వచ్చినవ్? అప్పటికి నీళ్లు ఎక్కడున్నయ్?" అని అడిగింది. కౌంటర్ పక్కన గోడ మీద చెయ్యి పెట్టి చూపించాను. నా నడుము దాకా. అప్పు మీద కొన్న మెషీన్ ఒకటి పాడైపోయింది, పేపర్ బండిళ్లన్నీ నానిపోయాయి. ఇవన్నీ ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు, ఆమె ఎప్పుడూ అడగలేదు. ఆ రోజు అన్నీ రాసుకుంది. గోడ మీద సుద్దతో గీత గీసి తారీఖు వేసి పోయింది. ఆ గీత ఇంకా ఉంది, వచ్చినప్పుడు చూడండి. పాత వంతెన తీసి కొత్తది కట్టాక అంత వాన మళ్లీ పడితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయన్నది వాళ్ల తర్వాతి ప్రశ్నట. టీచర్ జవాబు చెప్పలేదు, వెతకమన్నది.

ఆ సాయంత్రమే కంప్యూటర్‌లో ఉన్న ప్రాజెక్టు ఫైళ్లన్నీ తీసేశాను. ఒక్కో ఎఫ్‌ఏ సీజన్‌లో మాకు పన్నెండు నుంచి పదిహేను వేలు వచ్చే పని అది. ఇంటి ఖర్చుల్లో ఆ లోటు తెలుస్తుంది, మా ఆయన ఇంకా లెక్కలు వేస్తూనే ఉన్నారు. ఇన్నేళ్లు ఈ పని చేసింది నేనే, అడిగి చేయించుకున్న తల్లిదండ్రులను తప్పుపట్టడం లేదు. మీకు టైమ్ ఉండదు, నాకూ ఉండేది కాదు. కానీ మా అమ్మాయికి వద్దనుకున్నది మీ పిల్లలకు అమ్మలేను.

దానికి బదులు ఇది చేస్తాం. షాపు వెనక గదిలో ఒక బల్ల, నాలుగు కుర్చీలు వేశాం. సాయంత్రం ఐదు నుంచి ఏడు దాకా పిల్లలు కూర్చుని తమ ప్రాజెక్టు తామే రాసుకోవచ్చు. కత్తెర, స్కేలు, గమ్ము మనవే, డబ్బులు అక్కర్లేదు. వాళ్లు సొంతంగా రాసిన పేజీలకు జిరాక్స్, వాళ్లు తీసిన ఫొటోలకు ప్రింట్ సగం ధరకే. చార్టులు, రికార్డు బుక్కులు ఎప్పటిలాగే ఉంటాయి.

ఎఫ్‌ఏ-1 ప్రాజెక్టులకు ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు పదకొండు మంది ఉన్నారు. పేర్లు, డబ్బులు కవర్లలో పెట్టి ఉంచాను. శనివారం లోపు వచ్చి తీసుకోండి. మధ్యాహ్నం మూడున్నర నుంచి నాలుగున్నర మధ్య కాకుండా చూసుకోండి, అప్పుడు నేను ధర్మసాగర్ దారిలో ఉంటాను.