పేగు కణాలు జీర్ణాశయంలోకి ఎలా వస్తాయి?

సంపాదకులకు,

ఇంటెస్టినల్ మెటాప్లాసియా (జీర్ణాశయం లోపలి పొర పేగు పొరలా మారడం) మీద మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. జన్యువులు చెడిపోవడం వల్లే జీర్ణాశయంలో పేగు కణాలు పుడతాయని అందులో తేల్చేశారు. నేను పాథాలజిస్టుని, బయాప్సీ స్లైడ్లు చూడటమే నా పని. ఇలాంటి మాట చదివినవాళ్లు రిపోర్టు పట్టుకొచ్చి, ‘పిల్లలకి కూడా జీన్ టెస్ట్ చేయించాలా డాక్టర్?’ అని టెన్షన్‌గా అడుగుతారు.

జీర్ణాశయం కణంలోనూ పేగు కణంలోనూ ఉండేవి అవే జన్యువులు. వాటిలో ఏవి పనిచేయాలో, ఏవి ఊరుకోవాలో తేల్చేవి నియంత్రక ప్రొటీన్లు. పేగుకు సంబంధించి వాటిలో ముఖ్యమైనది సీడీఎక్స్2. ఆరోగ్యంగా ఉన్న జీర్ణాశయంలో అది కనపడదు. 2002లో ఎలుకల జీర్ణాశయంలో దాన్ని పనిచేయిస్తే అక్కడ పేగు తరహా పొర తయారైంది. 2009లో ఎలుక పిండాల పేగులో దాన్ని తీసేస్తే ఆ పొర అన్నవాహికలా మారింది! ఎదిగిన ఎలుకల పేగు మూలకణాల్లో తీసేసినప్పుడు జీర్ణాశయం లక్షణాలు వచ్చాయని 2014లో తేలింది. అంటే పేగు పేగుగా ఉండాలంటే ఆ ప్రొటీన్ పని పుట్టుకతో అయిపోదు, జీవితాంతం సాగాలి.

స్లైడు మీద ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఆల్షియన్ బ్లూ రంగు వేస్తే, జీర్ణాశయం గుంటల మధ్య ఉండకూడని గోబ్లెట్ కణాలు (పేగులో జిగురు తయారుచేసేవి) నిండు నీలంగా, గుండ్రంగా కనపడతాయి. అదే చోట సీడీఎక్స్2కి స్టెయిన్ చేస్తే కేంద్రకాలు గోధుమరంగుకు తిరుగుతాయి. పక్కనే మామూలు జీర్ణాశయం కణాలు ఈ రెండు రంగులూ పట్టకుండా ఉంటాయి.

జీర్ణాశయంలో సీడీఎక్స్2 పనిచేయడం సాధారణంగా మొదలయ్యేది ఏళ్ల తరబడి వాపు ఉన్నచోట. అక్కడ మ్యుటేషన్లు (జన్యువుల్లో మార్పులు) కూడా చేరతాయి, కాదనను. కానీ కణం తీరు మారడానికి అవే కారణమని రాస్తే అసలు విషయం పక్కకు పోతుంది. చాలామందిలో ఆ వాపు తెచ్చేది హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియా. దాన్ని కనిపెట్టినందుకే మార్షల్, వారెన్‌లకు 2005లో నోబెల్ ఇచ్చారు. దానికి పరీక్ష ఉంది, మందులున్నాయి. మందులు వాడాక మారిన పొర పూర్తిగా మామూలవుతుందని మాత్రం హామీ ఇవ్వలేం.

మెటాప్లాసియా ఉన్నవాళ్లలో క్యాన్సర్ దాకా వెళ్లేది కొద్దిమందే. మళ్లీ ఎండోస్కోపీ ఎప్పుడన్నది అది ఎంత మేర వ్యాపించింది, చిన్నపేగును పోలిన కంప్లీట్ రకమా పెద్దపేగును పోలిన ఇన్‌కంప్లీట్ రకమా, కుటుంబంలో ఎవరికైనా జీర్ణాశయ క్యాన్సర్ వచ్చిందా అన్నవాటిని బట్టి ఉంటుంది. సవరణ వేస్తే, రిపోర్టులో ఈ వివరాలు లేకపోతే డాక్టర్‌ని అడగమని కూడా రాయండి.

ఇట్లు,
ఒక పాథాలజిస్టు