పెట్రోలు బిల్లుల కట్ట పక్కన పెట్టాను

మల్లేశ్వరం, బెంగళూరు
ఆదివారం మధ్యాహ్నం

చి. అమ్మలుకి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం.

చేత్తో ఉత్తరమేమిటని నవ్వుకోకు. ముందు మా ఆఫీసులో ఇచ్చిన ఏఐ అసిస్టెంటునే అడిగాను, హైదరాబాదులో సీఏ ఆర్టికల్స్ (ఆడిటర్ దగ్గర శిక్షణ) చేస్తున్న మా అమ్మాయికి తెలుగులో ఒక ఉత్తరం రాసిపెట్టమని. 'ప్రియమైన కుమార్తెకు, ఈ లేఖ నిన్ను మంచి ఆరోగ్యంలో కనుగొంటుందని ఆశిస్తున్నాను' అని మొదలుపెట్టింది. మీ అమ్మ అది చదివి నవ్వుతూ నిలబడిపోయి, పొయ్యి మీద తాలింపు మాడబెట్టింది. ఇక నేనే పెన్ను పట్టుకున్నాను.

మొన్న ఫోనులో నువ్వు ఎంత సంబరంగా చెప్పావో! మీ ఆఫీసులో అందరికీ అసిస్టెంటు ఇచ్చారని, బిల్లులన్నీ స్కాన్ చేసి పడేస్తే అదే చూసి పెడుతోందని, ఒక్కో బిల్లునూ లెక్కతో సరిచూసే వోచింగ్ పీడ వదిలిందని. నేను 'ఊఁ' అన్నాను. నీకు చిన్నబుచ్చుకున్నట్టయింది, గొంతులో తెలిసింది. ఫోనులో నాకు మాటలు కుదరవు, నీకు తెలిసిందే కదా.

ఆ అసిస్టెంటు మీద నాకేమీ కోపం లేదు. పైపెచ్చు రోజూ వాడుతున్నాను. ప్రతి నెలా 14న జీఎస్టీఆర్-2బీ, అదే సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా, వచ్చిందంటే మా ఇద్దరు కుర్రాళ్లకు రెండు రోజులు కళ్లు ఎర్రబడేవి. సప్లయరు బిల్లు నంబరు 045 అని వేస్తాడు, మన పర్చేజ్ రిజిస్టరులో 45 అని ఉంటుంది, కంప్యూటరు రెండూ వేరంటుంది. అలాంటివి వందలు. ఇప్పుడు పొద్దున కాఫీ తాగేలోపు ఏది దేనితో కలుస్తుందో, ఏది మిగిలిందో జాబితా చేసి పెడుతోంది. మిగిలినవి మేం చూసుకుంటాం. ఇందులో ఎవరికీ నష్టం లేదు. ఆ పని మళ్లీ చేతితో చెయ్యమంటే నేనే చెయ్యను.

తంటా ఎక్కడొచ్చిందంటే, వర్షాకాలంలో ఒక క్లయింటుకు జీఎస్టీ వాళ్ల నుంచి ఏఎస్ఎంటీ-10 నోటీసు వచ్చింది. 2020-21 సంవత్సరానికి మనం వేసే 3బీ రిటర్నులో తీసుకున్న క్రెడిట్టుకూ (కొన్నప్పుడు కట్టిన పన్ను తగ్గించుకోవడం), సప్లయర్ల బిల్లులతో తయారయ్యే 2ఏలో కనబడేదానికీ తేడా ఉందని. జవాబివ్వడానికి 30 రోజులు. అసిస్టెంటు పది నిమిషాల్లో డ్రాఫ్టు చేసింది. ఎంత చక్కని ఇంగ్లీషంటే, నేను ముప్పై ఏళ్ల సర్వీసులో అలా ఒక్క పేరా రాయలేదు. జీఎస్టీ 183 నంబరు సర్క్యులర్ ప్రకారం అని రాసింది. ఆ సర్క్యులర్ ఉన్న మాట నిజమే, 2022 డిసెంబరు 27న వచ్చింది, విషయం కూడా ఇదే. నేను పేరు చూసి తలూపి మా ఆడిటర్ సార్ సంతకానికి పెట్టేశాను. హియరింగులో ఆఫీసరు చల్లగా అడిగారు: "ఇది 2017-18, 2018-19కి కదా, మీ సంవత్సరానికి ఏది?" మాకు కావాల్సింది 2023 జూలైలో వచ్చిన 193. అది తెలియనిదేం కాదు నాకు! అలమారాలో ప్రింటు కూడా ఉంది. సార్ కారులో తిరిగొస్తూ ఒక్క మాట అనలేదు, అదే పెద్ద శిక్ష. మళ్లీ గడువు అడిగి, సరిచేసి ఇచ్చాం.

అది అబద్ధం చెప్పలేదమ్మా. పక్కింటి నిజం తెచ్చి మనింట్లో పెట్టింది. పచ్చి అబద్ధమైతే నేను పట్టుకునేవాణ్ణేమో. పూర్తిగా లేనివి పుట్టించడమూ ఉంది. 2024 డిసెంబరు ఆఖర్లో మా ఊరి ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునల్ ఆర్డరు ఒకదానిలో అసలు లేనే లేని తీర్పులు ఉన్నాయని బయటపడి, కొద్ది రోజుల్లోనే ఆ ఆర్డరు వెనక్కి తీసుకున్నారు. మా ఆడిటర్ల సర్కిల్లో నెల్లాళ్లు అదే ముచ్చట. అంతా విని, నవ్వి, తర్వాత నేనే బోల్తా పడ్డాను చూడు.

ఇంకోటి చెప్పాలి. 2025 జూలైలో ఇక్కడ చిన్న చిన్న అంగళ్ల వాళ్లకు యూపీఐ లెక్కలు చూసి నోటీసులు పంపారు, గుర్తుందా? సరుకులమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు, సర్వీసులకు 20 లక్షలు దాటితే రిజిస్ట్రేషన్ ఉండాలి కదా, లేదేమని. గోడల మీద క్యూఆర్ కోడ్ స్టిక్కర్లు పీకి 'ఓన్లీ క్యాష్' బోర్డులు పెట్టారు చాలామంది. మన ఎనిమిదో క్రాసు దగ్గర కూరగాయలూ పూలూ కొబ్బరికాయలూ అమ్మే ఒకాయన ప్లాస్టిక్ కవరులో పాస్‌బుక్కులు, నోటీసు చుట్టుకుని మా ఆఫీసుకొచ్చాడు. చిత్తూరు వైపు మనిషి. చేతులు వణుకుతున్నాయి. మంచినీళ్లిస్తే సగం చొక్కా మీద పోసుకున్నాడు. ఫోనులో 52 లక్షలు వచ్చినట్టు కనబడుతోంది.

మా కుర్రవాడు నోటీసూ బ్యాంకు స్టేట్‌మెంటూ అసిస్టెంటుకు ఇచ్చాడు. అది పన్నెంత, వడ్డీ ఎంత, పెనాల్టీ ఎంత అని టేబుల్ వేసి, చివర్లో దయతో మన్నించమని వినయంగా ఒక జవాబు రాసింది. లేని తప్పు ఒప్పుకుంటూ! ఎందుకంటే ఆయన ఏమమ్ముతాడో దానికెవరూ చెప్పలేదు, అదీ అడగలేదు. నేను పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. తాజా కూరగాయలకు, పూలకు, కొబ్బరికాయలకు జీఎస్టీ లేదు. అవి మాత్రమే అమ్మేవాడికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. (అంగట్లో పన్ను ఉన్న పెరుగు ప్యాకెట్లు నాలుగు కూడా పెట్టి ఉంటే కథ మారిపోయేది, పన్ను లేని సరుకు కూడా మొత్తం టర్నోవరులో కలిసిపోయేది. అందుకే రెండుసార్లు అడిగాను, పెరుగు లేదు కదా అని.) తర్వాత స్టేట్‌మెంటు మీద వేలు పెట్టుకుంటూ వెళ్తుంటే మూడు లక్షలొకటి తగిలింది. "ఇదేంటి పెద్దాయనా?" అంటే, "చీటీ పాడుకున్నా సార్, పిల్ల పెళ్లికి" అన్నాడు. ఇంకోచోట బావమరిది పంపిన అప్పు. ఇవేవీ అమ్మకాలు కావు. స్టేట్‌మెంటులో మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. తర్వాత ప్రభుత్వమే పాలు, కూరగాయల్లాంటివి అమ్మేవాళ్ల నోటీసులు వదిలేస్తామంది. ఆయన మాత్రం ఇప్పటికీ కొబ్బరికాయకు డబ్బులు తీసుకోడు, మీ అమ్మ అక్కడికి వెళ్లడమే మానేసింది మొహమాటంతో.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నీ వోచింగ్ గురించి. 1994లో నేను హిందూపురం నుంచి బీకాం పట్టా పట్టుకుని ఈ ఊరొచ్చినప్పుడు మా ఆఫీసులో ఒక పెద్ద అకౌంటెంటు ఉండేవారు. నన్ను నెల్లాళ్లు వోచర్ల దగ్గరే కూర్చోబెట్టారు. ట్రావెల్స్ కంపెనీ ఫైళ్లు. విసుగొచ్చి ఏడుపొచ్చేది. ఒకరోజు పెట్రోలు బంకు బిల్లులు తిప్పుతున్నాను. ఏప్రిల్‌లో ఒకటి, మేలో ఒకటి, జూన్‌లో ఒకటి. అంకెలు సరిపోయాయి, టిక్కు పెట్టాను. ఆయన వెనక నిలబడి "నంబర్లు చదువు" అన్నారు. 412, 413, 414. మూడు నెలల్లో ఆ బంకుకు ఇంకెవరూ రాలేదన్నమాట! బిల్లు పుస్తకమే డ్రైవరు చేతిలో ఉంది. ఆ రోజు నుంచి నాకు కాగితం వేరేగా కనబడటం మొదలైంది.

ఆ తర్వాత మా ఆఫీసుకు టాలీ వచ్చింది, లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్. మన బెంగళూరు కంపెనీయే, 1986లో ప్యూట్రానిక్స్ అనే పేరుతో మొదలైంది. లెడ్జర్లు రాసేవాళ్లు మన బతుకులు అయిపోయాయన్నారు. కూడికలు, తీసివేతలు, పోస్టింగులు పోయాయి నిజమే, వోచర్లు మాత్రం మన చేతిలోనే మిగిలాయి. ఇప్పుడొచ్చినది చూడటం కూడా నేనే చూస్తానంటోంది. తేడా అక్కడుంది. నన్నడిగితే 412, 413, 414 అదీ పట్టుకుంటుంది, వరుస నంబర్లు వెతకమని చెబితే. వెతకమని చెప్పాలన్న సంగతి నాకు ఆ నెల్లాళ్ల ఏడుపులోనే తెలిసింది. నాకు ఈ పనిలో ముప్పై ఏళ్లయింది కాబట్టి అసిస్టెంటు చేతిలో పెట్టినా నడుస్తుంది, అయినా పడ్డాను. నీకు ఆర్టికల్సే రెండేళ్లు. మా సార్ వాళ్లకు మూడేళ్లుండేది. ఆ రెండేళ్లలో ఒక్క కట్టయినా నీ చేత్తో తిప్పకపోతే ఎలా అని నా టెన్షన్. అందుకే ఆ 'ఊఁ'.

అన్నట్టు, క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు నీ ఫోనులో ఉన్న ఫ్రీ యాప్‌లో మాత్రం పెట్టకు. ఆఫీసు ఇచ్చిన దానిలోనే, అదీ మీ సీనియరును అడిగి. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకే ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వద్దంది. మీ అమ్మ అడగమన్నది: రాత్రి తొమ్మిదింటికైనా రూముకు చేరుతున్నావా? పని సగం టైములో అయిపోతోందన్నావు, మరి ఆ మిగతా సగం ఎక్కడికి పోతోంది? రెండింతల పని ఇస్తున్నారా? ఇది ఫోనులో చెప్పు, మాట దాటెయ్యకుండా.

11న జీఎస్టీఆర్-1, 20న 3బీ రిటర్నులు వెయ్యాలి. ఆ రెండింటికీ మధ్య శనివారం కాచిగూడలో వందే భారత్ ఎక్కు. సార్‌ని అడిగి ఒక పాత, మూసేసిన ఫైలు నుంచి పెట్రోలు బిల్లుల కట్ట ఒకటి పక్కన పెట్టాను. అందులో ఒకటుంది, ఏమిటో చెప్పను. ముందు ఒక గంట నువ్వొక్కదానివే చూడు. తర్వాత మనిద్దరం కలిసి అసిస్టెంటును కూడా అడుగుదాం.

చట్నీపొడి, నిప్పట్లు సిద్ధంగా ఉన్నాయి.

ఇట్లు
నాన్న