విశాఖపట్నం, మన కథోలిక విచారణ (పారిష్) సంఘం వార్షిక నివేదిక: 2025

పూజ్య విచారణ గురువులకు, సిస్టర్లకు, సంఘ పెద్దలకు, సభ్యులందరికీ యేసు క్రీస్తు నామమున వందనాలు.

నియమావళి ప్రకారం జనవరి సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలి. పోయినేడాది నేను పన్నెండు పేజీలు చదివేసరికి వెనక వరుసలు బిర్యానీ వాసన వచ్చిన వైపు వెళ్లిపోయాయి. అందుకే ఈసారి భోజనాలకు ముందే చదువుతున్నాను. జపమాల మాసం, పిల్లల వేసవి బైబిలు తరగతులు, మెడికల్ క్యాంపు, క్రిస్మస్ స్టార్ల పోటీ ఎప్పటిలాగే జరిగాయి. వాటి వివరాలు నోటీసు బోర్డులో ఉన్నాయి, చూసుకోండి. నేను చెప్పేది ఎక్కువగా ఈస్టర్‌కు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం గురించే. ఏడాదిలో మనం చేసిన అసలు పని అక్కడే ఉంది. చేయనిది కూడా అక్కడే బయటపడింది.

ముందుగా ఒక మాట. ఫిబ్రవరి 8న పోప్ ఫ్రాన్సిస్ గారు అప్పటికి వరంగల్ పీఠాధిపతులుగా ఉన్న ఉడుముల బాల గారిని మన విశాఖ అతిమేత్రాసనానికి అగ్రపీఠాధిపతిగా (ఆర్చిబిషప్‌గా) నియమించారు. ఆయన్ను మన విచారణకు ఆహ్వానించాలని తీర్మానం చేశాం. ఆ ఉత్తరం ఇంకా నా బ్యాగులోనే ఉంది. ఆ తప్పు నాదే, ఈ నెలలో తీసుకెళ్లి ఇస్తాను.

మార్చి 5 విభూది బుధవారం, నుదుట బూడిద పెట్టుకుని తపస్సు కాలం మొదలుపెట్టే రోజు. ఆ బూడిద కోసం, కిందటేడు ఇళ్లకు తీసుకెళ్లిన మ్రానికొమ్మల ఆదివారపు (ఈస్టర్‌కు ముందు ఆదివారం) మట్టలు తిరిగి తెమ్మని మూడు ఆదివారాలు మైకులో చెప్పాం. వచ్చినవి ఒక గోనె సంచికి కూడా నిండలేదు. పటం వెనక పెట్టి మర్చిపోయామని కొందరు, కొత్త ఇంటికి మారినప్పుడు పోయాయని కొందరు. ఉన్నవాటినే గుడి పనులు చూసే తాతగారు పాత ఇనప మూకుడులో కాల్చి, మూడుసార్లు జల్లించి బూడిద తీశారు. ఆయనకు మన ధన్యవాదాలు. ఉదయం ఆరు గంటల పూజ నుంచి నేరుగా డ్యూటీకి వెళ్లిన ఒకాయనను బస్సులో పక్కనున్నావిడ "ఏ గుడికెళ్లారు బాబూ, విభూది పెట్టుకున్నారు?" అని అడిగిందట. ఆయన చర్చి అని చెబితే, ఆవిడ కాస్త జరిగి కూర్చోమని చోటిచ్చింది.

ఈసారి తపస్సు కాలం, రంజాన్ కలిసొచ్చాయి. మన వీధి చివర ఉన్న కుటుంబాలు మార్చి 2 నుంచి తెల్లవారుజామునే లేచి, సూర్యాస్తమయం దాకా మంచినీళ్లు కూడా ముట్టలేదు. మనకేమో తిరుసభ (కథోలిక సంఘం) తప్పనిసరి చేసిన ఉపవాసాలు రెండే: విభూది బుధవారం, గుడ్ ఫ్రైడే. అవి కూడా 18 నిండినవారి నుంచి 59 నిండేదాకానే. మిగతా శుక్రవారాల్లో మాంసం మానితే చాలు. దానికే మనవాళ్లు పడే అవస్థ గురించి, ఒంటిపూట అంటూ రెండుసార్లు టిఫిన్ చేయడం గురించి ఫాదర్ గారు ప్రసంగంలో అన్నది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రోజు నవ్విన వాళ్లలో నేనూ ఉన్నాను, నా మీద కూడా పడిందని తర్వాత తెలిసింది.

ప్రభువు శ్రమల్లో ఒక్కో ఘట్టం దగ్గర ఆగి ప్రార్థించే సిలువ మార్గం ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరున్నరకు జరిగింది. రెండో శుక్రవారం, మార్చి 14న, హోలీ. కుర్రాళ్లు రంగులతో సగం కడుక్కున్న మొహాలతో వచ్చారు. పీఠం మీది ఊదా గుడ్డ అంచున గులాబీ రంగు చెయ్యి అచ్చు పడింది. సిస్టర్ అమ్మ రెండుసార్లు ఉతికినా పూర్తిగా పోలేదు. అది ఎవరి చెయ్యో నాకు తెలుసు, నివేదికలో రాయను.

బుధవారాల్లో ఇళ్ల ప్రార్థనలు, పిడికెడు బియ్యం సేకరణ మరియదళం (మరియమాత భక్తుల బృందం) అక్కలు చూసుకున్నారు. అన్నం వండే ప్రతిసారీ ఒక పిడికెడు పక్కన పెట్టడమే ఈ పద్ధతి. ఈ బియ్యం ఎవరికివ్వాలన్న దాని మీద కమిటీలో వాదన జరిగింది. చివరికి హార్బరు దగ్గరి మన మత్స్యకార కుటుంబాలకే ఇచ్చాం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరబోట్లు వేటకు వెళ్లకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలం కాబట్టి ఆ నిషేధం మంచిదే, కానీ ఇంట్లో పొయ్యి మీద కుండ పెట్టాలి కదా. ఈసారి నిషేధం సరిగ్గా పవిత్ర వారంలోనే మొదలైంది. దాంతో ఎప్పుడూ సముద్రం మీద ఉండే అన్నలు గుడిలో మొదటి వరుసల్లో కనిపించారు. వాళ్లు రావడం మనకు సంతోషమే, అయితే పని లేక వచ్చారని మర్చిపోకూడదు.

ఇప్పుడు పాత ఊళ్లోని రాస్ హిల్ కొండ సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెబుతాను, ఓపిక పట్టండి.

అన్ని సంఘాలూ గౌరవించే మొదటి మహాసభ, నైసియా మహాసభ, జరిగి 2025కి 1700 ఏళ్లు. పైగా ఈసారి తూర్పు సంఘాలకూ పడమటి సంఘాలకూ ఈస్టర్ ఒకే రోజు, ఏప్రిల్ 20న పడింది. ఈ ఏడాదైనా పక్క వీధుల్లోని సీఎస్‌ఐ, బాప్టిస్టు, లూథరన్ సంఘాలతో కలిసి ఒక్క ప్రార్థన చేద్దామని ఫాదర్ గారు అంటే అందరం తలలూపాం. ఏ ప్రార్థన అన్నదగ్గర ఆగిపోయాం. మనకు తపస్సు కాలమంటే సిలువ మార్గం, 14 స్థలాలు. వాళ్లకు శ్రమల దినాలంటే కూడికలు, కీర్తనలు, వాక్యం. "వెరోనికమ్మ ప్రభువు మొహం తుడిచింది, ప్రభువు మూడుసార్లు పడ్డాడు అంటారు, ఇవి బైబిల్లో ఎక్కడున్నాయి?" అని ఒక పాస్టరు గారు నెమ్మదిగానే అడిగారు. మనవాళ్లలో ఒకరిద్దరికి మొహాలు ఎర్రబడ్డాయి. మూడు సమావేశాలు ఇలాగే గడిచాయి. చాయ్ ఖర్చు కోశాధికారి గారి పద్దులో ఉంది.

దారి చూపింది మన రిటైర్డ్ టీచరు గారు. 1991 గుడ్ ఫ్రైడే నాడు రెండో జాన్ పాల్ పోప్ గారు రోమ్‌లోని కొలోసియం దగ్గర సువార్తల్లో ఉన్న ఘట్టాలతోనే ఒక సిలువ మార్గం జరిపించారు. అది గెత్సేమనే తోటలో మొదలవుతుంది. అందులో వెరోనిక ఘట్టం లేదు, మూడు పడిపోవడాలు లేవు. పేతురు బొంకడం, మంచి దొంగ, సిలువ కింద తల్లీ శిష్యుడూ ఉన్నాయి. ఆ కాగితం చూశాక పాస్టర్లకు అభ్యంతరం లేకపోయింది. మనకూ పోయిందేమీ లేదు, మన 14 స్థలాలు మన గుడిలో ప్రతి శుక్రవారం అలాగే ఉన్నాయి.

మార్చి 28 శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకు పాత ఊళ్లో కొండ కింద కలుసుకున్నాం. సిలువ చేసింది హార్బరు దగ్గర పడవలు బాగుచేసే వడ్రంగి అన్న. పడవ చెక్కతో చేశాడు కాబట్టి అనుకున్నదానికంటే బరువుగా వచ్చింది. దాన్ని ఒక్కో స్థలానికి ఒక్కో సంఘం వాళ్లు మార్చుకుంటూ మోశారు. 1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు. ఆ ఇల్లే తర్వాత చాపెల్ అయింది. పక్క కొండల మీద దర్గా, వెంకన్న గుడి. ఎదురుగా ఓడరేవు, అవతల డాల్ఫిన్స్ నోస్ కొండ. ఎన్నోసార్లు ఎక్కిన మెట్లే, కానీ వెనక నుంచి వాళ్ల కీర్తనలు, ముందు నుంచి మన పాటలు వినిపిస్తుంటే వేరే కొండ ఎక్కినట్టే అనిపించింది.

మధ్యలో బాప్టిస్టు పాస్టరు గారు వాక్యం చెబుతూ ఒక సంగతి గుర్తుచేశారు. 1805లో లండన్ మిషన్ నుంచి జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ వచ్చి ఈ ఊళ్లోనే సువార్తలను తెలుగు చేయడం మొదలుపెట్టారు. ఇద్దరూ ఐదేళ్లు దాటకుండానే చనిపోయారు. ఇప్పుడు ఫ్రాన్స్‌లో ఉన్న అనెసీ నుంచి మన కథోలిక మిషనరీలు వచ్చింది 1846లో. అంటే వాళ్లు మనకంటే నలభై ఏళ్లు ముందున్నారు. పాస్టరు గారు దాన్ని గొప్పగా చెప్పుకోలేదు, మనవాళ్లు కూడా రోషపడలేదు. మూడు సమావేశాల తర్వాత అది చిన్న సంగతేం కాదు.

సరిగ్గా కుదరనిది పరలోక జపం ఒక్కటే. మనం "మా యొక్క తండ్రీ, మీ నామము పూజింపబడును గాక" అంటాం. వాళ్లు "మా తండ్రీ, నీ నామము పరిశుద్ధపరచబడును గాక" అంటారు. మనది మీరు, వాళ్లది నువ్వు. ముందే అనుకోకపోవడంతో కొండ మీద రెండూ ఒకేసారి మొదలై, మధ్యలో ఒకరి కోసం ఒకరు ఆగి, మళ్లీ మొదలై, చివరి ఆమెన్ దగ్గర మాత్రం అందరం కలిశాం. పిల్లలు నవ్వారు. నాకైతే ఆ రోజంతటిలో బాగా గుర్తున్నది అదే.

దిగేటప్పుడు ఆరు దాటింది. కింద నుంచి అజా, నమాజు పిలుపు, వినిపించింది. మైకు పట్టుకున్న కుర్రాడు ఎవరూ చెప్పకుండానే స్విచ్ తీసేశాడు. మెట్ల మీదే నిలబడ్డాం. అయ్యాక మళ్లీ నడిచాం. ఎంతమంది వచ్చారో నేను చెప్పను, ఎందుకంటే ఒక్కొక్కరు ఒక్కో అంకె చెబుతున్నారు. 400 శనగల గుగ్గిళ్ల పొట్లాలు కట్టించాం, ఒక్కటీ మిగల్లేదు. నాకూ దొరకలేదు.

అనుమతి కాగితం కోసం ఒక కార్యాలయం చుట్టూ నాలుగుసార్లు తిరిగాం. పెద్దసారు లేరు, సంతకం రేపు, ఫైలు పక్క సీటులో ఉంది. పక్క సీటాయన సెలవు. చివరికి ముందురోజు రాత్రి తొమ్మిదింటికి చేతికొచ్చింది. ఆ టెన్షన్ నాకూ ఉపాధ్యక్షుల వారికీ మాత్రమే తెలుసు. రెండు బస్సులు అడిగిన ధరకంటే తగ్గించి పంపిన ట్రావెల్స్ వారికి, తాగునీరు ఇచ్చిన దాతకు, మెట్ల మీద ముసలమ్మలకు చెయ్యిచ్చిన యువకులకు, మూడు సంఘాల పాస్టర్లకు, వారి గాయక బృందాలకు, మన వడ్రంగి అన్నకు, గుగ్గిళ్లు ఉడకబెట్టిన అక్కలకు, ఫొటోలు తీసిన ఇద్దరు పిల్లలకు సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరినైనా మర్చిపోతే నా మీద కోపం పెట్టుకోకుండా భోజనాల దగ్గర చెప్పండి.

పవిత్ర గురువారం, ఏప్రిల్ 17. యేసు శిష్యుల పాదాలు కడిగినదానికి గుర్తుగా పన్నెండుమంది పాదాలు కడిగే పూజలో స్త్రీలనూ కూర్చోబెట్టవచ్చని 2016 జనవరిలోనే రోమ్ నుంచి డిక్రీ వచ్చింది. మన గుడిలో మాత్రం తొమ్మిదేళ్లూ పన్నెండు కుర్చీల్లో పన్నెండుమంది మగవాళ్లే. ఈసారి ఐదుగురు స్త్రీలు కూర్చున్నారు. నిజం చెప్పాలంటే ఇది సంస్కరణేం కాదు, వస్తామన్న ఐదుగురు మగవాళ్లు రాలేదు. మార్కెట్లో చేపలమ్మే ఒకమ్మ ముందు ఒప్పుకోలేదు. "నా కాళ్లు ఎంత కడిగినా నీచు వాసన పోదు ఫాదర్" అంది. "జాలరి పేతురు గారి కాళ్లకూ అదే వాసనమ్మా, కూర్చో" అన్నారు ఫాదర్ గారు.

గుడ్ ఫ్రైడే నాడు మూడింటికి ప్రార్థన మొదలైన పది నిమిషాలకు కరెంటు పోయింది. ఉక్కపోత సంగతి మీకు చెప్పక్కర్లేదు. ఫోన్ చేస్తే ఎత్తినవారు లేరు. జనరేటరు ఉంది, డీజిలు లేదు. డీజిలు బాధ్యత తీసుకున్న సభ్యుడు ఆ రోజు కుటుంబంతో అరకులో ఉన్నట్టు ఫేస్‌బుక్‌లో చూశాం. సిలువ ఆరాధన వరుసలో ఇద్దరు పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడితే నర్సింగ్ చదువుతున్న మన అమ్మాయిలు చూసుకున్నారు. తెల్లవారుజామున నాలుగింటి నుంచి అక్కలు కాచిన చోడి అంబలి, మజ్జిగ ఆ రోజు అందరినీ నిలబెట్టాయి.

శనివారం గుడి శుభ్రం చేయాలి, రాత్రి పాస్కా (ఈస్టర్) జాగరణ. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడితే చేతులు జోడించిన బొమ్మలు అరవై దాకా వచ్చాయి. చీపురు పట్టుకున్నది ఏడుగురు. ఆ ఏడుగురిలో నలుగురు వేట లేని అన్నలు.

సోమవారం, ఏప్రిల్ 21, మధ్యాహ్నం భోజనాల వేళకు పోప్ ఫ్రాన్సిస్ గారు వెళ్లిపోయారని కబురొచ్చింది. ఈస్టర్ సీరియల్ లైట్లు ఇంకా తీయలేదు. తాతగారు వెళ్లి గంట కొట్టారు. సాయంత్రం ఎవరూ పిలవకుండానే గుడి నిండింది. మే 8న పద్నాలుగో లియో గారి ఎన్నిక వార్త వచ్చినప్పుడు మనవాళ్లు మిఠాయి పంచారు, ఆ ఖర్చు దాతలది.

జమాఖర్చుల పట్టిక మీ చేతిలోని నాలుగో పేజీలో ఉంది, ఆడిటరు గారు సంతకం పెట్టారు. అందరూ అడిగే ప్రశ్నకు మాత్రం ఇక్కడే జవాబు చెబుతాను. గుడ్ ఫ్రైడే కానుక సంఘం ఖాతాలో కనిపించదు. ప్రపంచమంతటా ఆ రోజు కానుక యేసు తిరిగిన పుణ్యభూమికే (యెరూషలేం ప్రాంతం) వెళుతుంది, మనదీ అక్కడికే పంపాం. షామియానా బాకీ కొంత ఉంది, కోశాధికారి గారు చెబుతారు.

ఈ ఏడాది, 2026లో, విభూది బుధవారం ఫిబ్రవరి 18న, ఈస్టర్ ఏప్రిల్ 5న. ఉమ్మడి సిలువ మార్గానికి ఈసారి తామే పిలుస్తామని పాస్టర్లు కబురు చేశారు. పరలోక జపం ఏ మాటలతో అన్నది ముందే తేల్చుకోవాలి, దానికి మన తరఫున ఇద్దరు కావాలి. డీజిలుకు ఒకరు, శనివారం చీపుళ్లకు కనీసం ఇరవైమంది కావాలి. కాగితం తలుపు దగ్గరి బల్ల మీద, పెన్నుతో సహా పెట్టాను. పేరు రాసినవారికే ముందు వడ్డిస్తాం. ఇంట్లో ఉన్న పాత మట్టలు కూడా వచ్చే ఆదివారం తెచ్చివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి