కెప్టెన్ కాబోతున్న అమ్ములుకి

అమ్ములూ,

నువ్వూ నాన్నా ఫోన్లో మాట్లాడుకుంటుంటే విన్నాను. పడవ కెప్టెన్ లైసెన్స్‌కి కావాల్సిన, నీళ్ల మీద గడిపిన 360 రోజుల లెక్క తేలింది, మెడికల్ ఫారం అయిపోయింది, డ్రగ్ టెస్టు అయిపోయింది. "ఇంక ఆ ఫస్ట్ ఎయిడ్, సీపీఆర్ కార్డులేగా నాన్నా, ఆన్‌లైన్‌లో లాగించేస్తా" అన్నావు చూడు, అక్కడే నాకు చిర్రెత్తింది. ఇంట్లో నర్సును పెట్టుకుని ఆ మాట ఎలా వచ్చిందే నీకు?

ముందు కాగితాల సంగతి. ఫస్ట్ ఎయిడ్ కోర్సు నువ్వు ఆ లైసెన్స్ ఇచ్చే అమెరికా కోస్ట్ గార్డ్‌కి దరఖాస్తు పెట్టేనాటికి 12 నెలల లోపు చేసినదై ఉండాలి. కార్డు మీద రెండేళ్లు చెల్లుతుందని ఉన్నా వాళ్లకి అది పట్టదు. సీపీఆర్, అంటే గుండె ఆగినవాడికి ఛాతీ నొక్కి ఊపిరి ఊదడం, ఆ కార్డుకి మాత్రం గడువు దాటకుండా ఉంటే చాలు. రెండింటికీ రెడ్ క్రాస్ వాళ్ల క్లాసుకే వెళ్లు, పేచీ ఉండదు. హాస్పిటల్లో మేం చేసే బీఎల్ఎస్, అంటే వైద్య సిబ్బందికి నేర్పే సీపీఆర్ కోర్సు, ఫస్ట్ ఎయిడ్ కిందికి రాదు, ఆ కార్డు చాల్లే అని ఎవరైనా చెబితే వినకు.

ఇప్పుడు అసలు సంగతి. మన గోదారి ఊళ్లలో మునిగినవాణ్ని ఒడ్డుకి లాగగానే బోర్లా పడుకోబెట్టి, పొట్ట నొక్కి నీళ్లు కక్కించేవాళ్లు. పెద్దమ్మా వాళ్లు ఇప్పటికీ అదే వైద్యం అనుకుంటారు. నువ్వు ఆ పని చేయకు. టైము పోతుంది, పైగా కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మునిగినవాడికి గుండె ఆగేది ఆక్సిజన్ అందకనే. అందుకే వాళ్లకి ఉత్తి గుండె నొక్కడం సరిపోదు, నోట్లోకి ఊపిరి కూడా ఊదాలి. ముందు రెండుసార్లు ఊది, ఆ తర్వాత 30 సార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం అలా చేస్తూ పోవాలి. నొక్కడం నిమిషానికి 100 నుంచి 120 సార్లు, లోతు కనీసం రెండు అంగుళాలు.

చదివితే ఇదంతా తేలిగ్గానే ఉంటుంది. బొమ్మ మీద చేసి చూడు, రెండో నిమిషానికే మోచేతులు వంగిపోతాయి, లోతు తగ్గిపోతుంది, అది నీకు తెలియను కూడా తెలియదు. పక్కన నిలబడ్డ టీచర్ చెప్పాల్సిందే. పైగా నీకు కింద ఊగే డెక్కు. సీటు కుషన్ మీద పడుకోబెట్టావంటే నువ్వు నొక్కేదంతా ఆ స్పాంజిలోకే పోతుంది. గట్టి నేల చూసుకో. ఏఈడీ, అదే గుండెకి షాక్ ఇచ్చే పెట్టె, ఉంటే ప్యాడ్లు అంటించే ముందు ఛాతీ తుడువు.

నీ లైసెన్స్ మీద డబ్బు తీసుకుని ఆరుగురిని ఎక్కించుకోవచ్చు కదా. వాళ్లలో సీపీఆర్ ఎవరికి వచ్చో బయల్దేరే ముందే అడుగు. నువ్వు పడవ రేడియో (వీహెచ్ఎఫ్) 16వ ఛానల్లో మేడే, అంటే ప్రాణాపాయం అని, చెబుతూ ఎక్కడున్నారో వివరిస్తుంటే, నొక్కేవాడు ఇంకొకడు ఉండాలి. రెండు నిమిషాలకోసారి చేతులు మారాలి.

గాలం చేతికి గుచ్చుకోవడం, మన టెక్సాస్ గాల్వెస్టన్ తీరం ఎండకి కళ్లు తిరగడం, జెల్లీఫిష్ కుట్టడం లాంటివి రోజూ ఉండేవే, క్లాసులో అడిగి తెలుసుకో.

శనివారం క్లాసుకి ఇద్దరికీ బుక్ చేస్తున్నాను. ఫస్ట్ ఎయిడ్ కార్డు నాకూ లేదు మరి. ఆ పొడుగు గోళ్లు తీసేసి, ప్యాంటు వేసుకుని రా. మోకాళ్ల మీద కూర్చోవాలి.

అమ్మ