పిల్లి గిన్నె నేల మీద వద్దు

సంపాదకుడు గారికి,

వీధి కుక్కల మీద మీ పత్రికలో తరచూ లేఖలు వస్తున్నాయి. మనుషుల్ని కరుస్తున్నాయి కాబట్టి రావాల్సిందే. అదే వీధిలో ఆ కుక్కల నోట పడి చచ్చే పిల్లుల గురించి మాత్రం ఎవరూ రాయగా నేను చూడలేదు.

పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం కిందికి దిగితే సెల్లార్‌లో చచ్చిపడిన పిల్లికూన కనిపించడం మా కాలనీలో మామూలైపోయింది. ‘కుక్కలు చంపేశాయమ్మా’ అంటూ వాచ్‌మన్ ఊడ్చేస్తాడు. కుక్కలే చంపి ఉండొచ్చు. కానీ వాటికి ఆ వీలు కల్పిస్తున్నది ఎవరు? రాత్రి మిగిలిన పెరుగన్నం, చేప ముళ్లు గేటు పక్కన నేల మీద పడేసి పైకి వెళ్లిపోయే పుణ్యాత్ములే. ఆ వాసనకు కుక్కలు, పందికొక్కులు ముందే చేరతాయి. తరిమితే పిల్లి ఎదురు తిరిగేది తక్కువ, దొరికినదల్లా ఎక్కేస్తుంది. ఎక్కడానికేముంది? గోడ మీద గాజు పెంకులు, ముళ్ల కంచె. పావురాలు రాకుండా డక్ట్‌కి నెట్. ఉన్న చెట్టు పార్కింగ్ కోసం ఎప్పుడో కొట్టేశారు.

తిండి పెట్టేవాళ్లు పగలే పెట్టండి, రోజూ ఒకే టైముకి. గిన్నెను కుక్క అందుకోలేని గోడ మీదో సన్‌షేడ్ మీదో ఉంచి, అరగంటలో తీసేయండి. పిల్లులు ఆ టైముకి ఇట్టే అలవాటు పడతాయి. ఈనిన పిల్లి ఉంటే ఒక చెక్కపెట్టె చాలు, దూరే కంత ఆరంగుళాలు దాటకూడదు. పెట్టెను మేడ మీద ఉంచితే పైన కప్పు తప్పనిసరి, గద్దలు కూనల్ని తన్నుకుపోతాయి. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని నవ్వుకుంటాం గానీ, దాని భయం దానిది. గండుపిల్లి కూడా కూనల్ని చంపుతుంది, అన్నీ కుక్క ఖాతాలో రాయలేం. ఇంట్లో పెంచుకునే పిల్లినైతే రాత్రిళ్లు బయటికి వదలకండి. అది బతుకుతుంది, దాని బారిన పడే పిచ్చుకలూ ఉడతలూ బతుకుతాయి.

సరదాకి పిల్లి మీదికి కుక్కను ఉసిగొల్పే కుర్రాళ్లు ఉన్నారు. వినోదం కోసం ఒక జంతువును మరోదాని మీదికి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమని వాళ్ల తల్లిదండ్రులైనా తెలుసుకోవాలి.

ఎన్ని జాగ్రత్తలు తీసుకున్నా పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్లు లేకపోతే లాభం లేదు. ఆడపిల్లి నాలుగైదు నెలల వయసుకే చూలు కట్టగలదు, మోసేది రెండు నెలలే. కూనలు పుడుతూనే ఉంటాయి, కుక్కలకు దొరుకుతూనే ఉంటాయి. ఆపరేషన్ల మాట వస్తే మన మున్సిపాలిటీలకు కుక్కలే గుర్తొస్తాయి. ముంబై కార్పొరేషన్ వీధి పిల్లులకూ 2019లోనే మొదలుపెట్టింది. ఆపరేషన్ అయిన పిల్లికి చెవి కొస కాస్త కత్తిరిస్తారు, దూరం నుంచే తెలిసిపోతుంది. అదే చేత్తో రేబిస్ టీకా కూడా వేయొచ్చు. కుక్క కరిచినా బతికి బయటపడ్డ పిల్లి వల్ల మనకూ ప్రమాదమే.

ప్రతి వార్డులో కుక్కలకు తిండి పెట్టే చోట్లు గుర్తించాలని సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఆదేశించింది. అవి పిల్లలు ఆడుకునే చోట్లకు, మెట్లకు, వచ్చిపోయే దారులకు దూరంగా ఉండాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు ముందే చెప్పాయి. చోట్లు నిర్ణయించే అధికారులు పిల్లులు ఈనే పాత గోడౌన్లు, చేపల మార్కెట్ వెనక సందులు కూడా చూసుకోవాలి. అక్కడే కుక్కల గిన్నెలు పెడితే పిల్లుల్ని వాటికి అప్పగించినట్టే.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ల వాళ్లకు ఒక విన్నపం. ఈసారి కాంపౌండ్ వాల్‌కి రంగులు వేయించేటప్పుడు వెనకవైపు రెండు గజాల మేర గాజు పెంకులు తీయించండి. దొంగలొస్తారని టెన్షన్‌గా ఉంటే అక్కడ ఒక సీసీ కెమెరా పెట్టించుకోండి.

– ఒక పాఠకురాలు, మల్కాజిగిరి, హైదరాబాద్