మాంసం తనిఖీ కోత దగ్గరే జరగాలి

సంపాదకులకు,

ఆహార తనిఖీ అంటే హోటల్ ఫ్రిజ్ తెరిచి నిల్వ మాంసం పారబోయించడమే అన్నట్టుగా ఉంది. అదీ కావాల్సిందే. కానీ మటన్ తినదగిందో కాదో తేలేది జీవాన్ని కోసేచోటే. ముక్కలై తూకానికొచ్చాక దానికేం జబ్బుండేదో చెప్పడం పశువైద్యుడికీ కష్టమే.

కోతకు ముందు ఒకసారి, కోశాక ఒకసారి పశువైద్యుడు చూడాలన్నది నిబంధన. ముందు చూడాల్సింది నడక, ఊపిరి, ముక్కు కారడం, జ్వరం. గొర్రె ఒంటి వేడి 104 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే పక్కన కట్టేయాలి. ఎండలో లారీ దిగిన జీవమైతే నీళ్లు తాగించి, నీడన ఉంచి మళ్లీ చూడాలి.

కోశాక తలకాయ, ఊపిరితిత్తులు, కార్జం ఆ మొండెం పక్కనే ఉండాలి. తలకాయలన్నీ ఒక కుప్ప, కార్జాలన్నీ ఒక తట్టలో వేస్తే చెడ్డ కార్జం దొరికినా అది ఏ పొట్టేలుదో ఎలా తెలుస్తుంది? ఒక జీవం మొండానికీ, దాని అవయవాలన్నిటికీ ఒకే నంబరు చీటీ కడితే సరిపోతుంది.

సాగర్ ఎడమ కాలువ కింద నత్తలున్న తడి నేలల్లో మేసిన గొర్రెలకు కార్జపు జలగ పట్టొచ్చు. పైత్యనాళాన్ని కోసి నొక్కితే ఆకులాంటి పురుగు బయటికొస్తుంది. ఆ కార్జం పారేస్తే చాలు. జీవం బక్కచిక్కకుండా, మాంసం నీరు పట్టకుండా ఉంటే మిగతాది తినొచ్చు. మొత్తం పారేయమంటే వ్యాపారి దాచకుండా ఉంటాడా? ఊపిరితిత్తుల్లో నీటితిత్తులున్నా ఇదే లెక్క. అయితే వాటిని కుక్కలకు మాత్రం వేయొద్దు. కుక్క పేగులో అవి బద్దెపురుగులవుతాయి. వాటి గుడ్లు మలంతో బయటపడి, కూరగాయల ద్వారానో నీళ్ల ద్వారానో మనిషి కడుపులోకి చేరితే కార్జంలో తిత్తి కడుతుంది.

దొమ్మరోగం (ఆంత్రాక్స్) సంగతి వేరు. ఉన్నట్టుండి చచ్చిన జీవానికి ముక్కు నుంచో ఆసనం నుంచో గడ్డకట్టని నల్లని నెత్తురు కారుతుంటే కత్తి తాకించకూడదు. కోసి గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి బీజాలుగా మారి నేలలో ఏళ్ల తరబడి బతుకుతుంది. ఆరడుగుల గుంట తీసి, సున్నం చల్లి పూడ్చడమే.

ఉదయం ఎనిమిదికొచ్చి వేలాడే తొడల మీద వేసే తనిఖీ ముద్ర రంగుకు దండగ. నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్‌లలో ఆదివారాలు, దసరా నాడు కోత మొదలయ్యే వేళకే పశువైద్యుడు ఉండాలి. తీసేసిన అవయవాలు మళ్లీ తట్టలోకి రాకుండా అక్కడికక్కడే గాట్లు పెట్టి, ఫినాయిల్ పోసి, కుక్కలు తవ్వలేనంత లోతున పూడ్పించాలి.

– ఒక పశువైద్యుడు, మిర్యాలగూడ