న్యూయే ప్రయాణం: జమా ఖర్చుల వివరణ

అందరికీ నమస్కారం. ఆగస్టులో మనం 12 మందిమి ఆక్లాండ్ నుంచి పసిఫిక్ సముద్రంలోని చిన్న ద్వీప దేశం న్యూయే వెళ్ళొచ్చిన లెక్క ఇది. ఆలస్యమైంది, తప్పు నాదే. అన్నీ న్యూజిలాండ్ డాలర్లే, అక్కడా ఇవే నడుస్తాయి కాబట్టి మారకం గొడవ లేదు.

జమ: మనిషికి 1,900 చొప్పున 22,800. దసరా నిధి జోలికి పోలేదు, ఈ మాట రెండుసార్లు చదవండి.

ముందు తేదీల సంగతి. కాగితాలు చూసిన ఒక పెద్దాయన ఫోన్ చేసి "ఏమయ్యా, మంగళవారం విమానం ఎక్కితే సోమవారం నుంచే గది అద్దె ఎలా పడింది?" అన్నారు. అడగాల్సిన ప్రశ్నే. న్యూయే తేదీ రేఖకి అవతల ఉంది, ఆగస్టులో మనకంటే 23 గంటలు వెనక. మంగళవారం పొద్దున ఎక్కి మూడున్నర గంటలు ప్రయాణం చేసి సోమవారం మధ్యాహ్నం దిగాం. వచ్చేటప్పుడు శుక్రవారం ఎక్కి శనివారం దిగాం. మధ్యలో పడుకున్నది 4 రాత్రులే.

ఖర్చు: విమానం మనిషికి 920, మొత్తం 11,040. ఆరు గదులు, 4 రాత్రులు, గదికి 215 లెక్కన 5,160. రెండు వ్యాన్లు 760, నడిపిన ఇద్దరికీ అక్కడి పోలీసుల దగ్గర తీసుకున్న లైసెన్సులకి 45. ఇక్కడ విమానాశ్రయానికి బస్సు 140, కార్డు రుసుం 38.

తిండికి 1,870 అయింది, ఎక్కువే. ద్వీపం మొత్తం మీద 1,700 మంది ఉంటారు, కొట్లో సరుకు చాలావరకు ఓడ మీద రావాలి. మేం వెళ్ళిన రోజు ఉల్లిపాయల గంపలో పొట్టు తప్ప ఏమీ లేదు, ఓడ ఇంకా రాలేదట. ఉల్లి లేని పప్పుతో, మనం మోసుకెళ్ళిన కందిపొడితో రెండు పూటలు గడిపాం. ఒక ఊళ్ళో మాత్రం చేమదుంప, బొప్పాయి ముక్కల మీద కొబ్బరిపాలు పోసి, ఆకులో చుట్టి నేలలో తవ్విన పొయ్యిలో వండి పెట్టారు, టాకిహి అంటారు. వాళ్ళకి 150 ఇచ్చాం. రసీదు అడగాలనిపించలేదు, నా మాట నమ్మండి.

తిమింగలాల పడవకి 10 మందికి 2,000. మిగతా ఇద్దరూ కడుపులో తిప్పుతుందని ముందే మానేశారు, వాళ్ళ వాటా మీద మళ్ళీ చర్చ వద్దు, మిగులు అందరికీ సమానంగానే పంచుతున్నాం. తల్లీ పిల్లా పడవకి దగ్గరగా తేలాయి, పిల్ల ఊపిరి వదిలినప్పుడు ఆ తుంపర మా కళ్ళద్దాల మీద పడింది. అక్కడ నదులు, వాగులు లేవు, వాన నీరంతా సున్నపురాయిలోకి ఇంకిపోతుంది, మట్టి కొట్టుకురాదు. అందుకే సముద్రం అంత తేటగా ఉంటుంది.

టోంగో లోయకి పోయే దారిలో పగడపు రాళ్ళు కత్తుల్లా ఉంటాయి, అక్కడ ఒకరి చెప్పులు తెగాయి. కొత్తవి కమిటీ ఖర్చులో వేయమన్నారు. వేయలేదు, బూట్లు తెచ్చుకోమని ముందే చెప్పాం కదా.

మొత్తం ఖర్చు 21,203. మిగులు 1,597. మనిషికి 133 చొప్పున ఈ వారంలో ఖాతాల్లో వేస్తాను, పోగా ఉన్న 1 డాలర్ దసరా హుండీలోకి. రసీదులు చూడాలనుకుంటే ఆదివారం సాయంత్రం మా ఇంటికి రండి, టీ నా ఖర్చు.